ఎవరూ విత్తని తీగ

మార్నింగ్ గ్లోరీ తీగను ఒక ఏడు పెంచిన పెరట్లో మరుసటి ఏడు విత్తనం కొనవలసిన పని సాధారణంగా ఉండదు. పూత అయిపోయాక కాయలు ఎండి, పగిలి, గింజలు కంచె మొదట్లోనే రాలిపోతాయి. వాటిలో కొన్ని తొలకరి తడి తగిలిన కొద్ది రోజులకే చీలిన బీజదళాలతో పైకి లేస్తాయి, మరికొన్ని గట్టి పెంకు లోపలికి నీరు దూరక ఏళ్ల తరబడి మట్టిలోనే ఉండిపోయి, ఎప్పుడో పార పడి నేల కదిలినప్పుడు మొలుస్తాయి. ఇలా ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చిన తీగలు పూతకు రాగానే పెంచినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. నిరుడు నాటింది ముదురు ఊదా రకం. ఈ ఏడు అదే చోట ఒక తీగ గులాబి రంగు పూసింది, పక్కదానికి లేత వంగపండు రంగు వచ్చింది, మూడోదాని తెల్లటి పూవు మీద ఊదా చార తేలింది. దీనిని కొందరు విత్తనం చెడిపోవడం అంటారు, కొందరు నేల గుణం అంటారు, ఇంకొందరు పొట్లం అమ్మినవారి మోసం అంటారు. ఈ మూడు మాటలూ తీగకు అన్యాయమే చేస్తాయి. అనుకోకుండా వచ్చినట్టు తోచే ఆ రంగులలో ఎక్కువ భాగం నిరుడు ఊదా పూలు పూసిన తీగలోనే దాగి ఉన్నవి. ఒకే రంగు పూసే రకం అని మనం పేరు పెట్టుకున్నది నిజానికి మనిషి ఏడాదికేడాదీ శ్రద్ధగా కాపాడుకుంటూ వస్తే తప్ప నిలవని స్థితి.

మార్నింగ్ గ్లోరీ అన్నది ఏదో ఒక జాతికి మాత్రమే చెందిన పేరు కాదు, ఐపోమియా అనే పెద్ద ప్రజాతిలోని అనేక తీగలకు కలిపి వాడే పేరు. తెలుగువారు ఉడకబెట్టుకుని తినే చిలగడదుంప, చెరువుల్లో పెరిగే తూటికూర, పందిళ్ల మీద చిన్న ఎర్రపూలు పూసే కాశీరత్నం, కాలువ గట్లను ఆక్రమించిన లొట్టపీసు చెట్టు, అన్నీ ఈ ప్రజాతిలోనివే. తోటలలో మార్నింగ్ గ్లోరీ పేరుతో పెరిగేవి ముఖ్యంగా మూడు జాతులు: మెక్సికో ప్రాంతానికి చెందిన ఐపోమియా పర్పూరియా, ఆకాశనీలం పూలకు పేరుపడ్డ ఐపోమియా ట్రైకలర్, జపానులో అసగావో పేరుతో ప్రసిద్ధమైన ఐపోమియా నిల్. ఈ చివరిదాని గింజలను తెలుగు నాట కొల్లి విత్తులనీ జిరికి విత్తులనీ అంటారు. మూలికల అంగళ్లలో కాలాదానా అన్న పేరుతో విరేచనానికి వాడే మందుగా దొరికేది కూడా ఇదే. మూడు జాతులలోనూ పూవు ఆయుష్షు ఒక ఉదయమే. సాయంత్రానికి మొగ్గ ముడిచిన గొడుగులా మెలి తిరిగి సిద్ధంగా ఉంటుంది, తెల్లవారేసరికి విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ఐదు రేకులు అంచు వరకు ఒకటిగా కలిసిపోయి గరాటు ఆకారం ఏర్పడడం వల్ల, రేకుల నడిమి ఈనెలు మాత్రం ఐదు కోణాల చుక్క గుర్తులా కనిపిస్తాయి. పూవు రాలాక పర్పూరియాలోనూ నిల్‌లోనూ కట్టే కాయలో మూడు గదులు, గదికి రెండేసి చొప్పున ఆరు గింజల వరకు ఉంటాయి.

ఆ ఆరు గింజలకూ తల్లి ఒకటే అయినా తండ్రి ఒకటే కావలసిన నియమం లేదు. మార్నింగ్ గ్లోరీ పూవులో కేసరాలూ కీలమూ రెండూ ఉంటాయి కనుక, సొంత పుప్పొడి సొంత కీలాగ్రం మీద పడి విత్తనం కట్టే స్వపరాగ సంపర్కం దానికి సులువు. అయితే తేనెటీగలు, వాటికంటె లావుగా ఉండి ఒళ్లంతా నూగు కప్పిన బంబుల్‌బీ అనే తుమ్మెదలు గొట్టంలోకి దూరినప్పుడు వేరే తీగ పుప్పొడి కూడా వచ్చి పడుతుంది. అమెరికా పొలాల్లోని పర్పూరియా తీగల మీద జరిగిన లెక్కలు సుమారు 70 శాతం గింజలు పరపరాగంతో, అంటే మరో మొక్క పుప్పొడితో ఏర్పడుతున్నాయని చూపాయి. పక్కింటి గోడ మీద గులాబి రంగు తీగ ఉందా, వీధి చివర తెల్ల తీగ ఉందా అన్నది పెంచేవారు గమనించకపోవచ్చు గాని, తుమ్మెదలు గమనించే తిరుగుతాయి. రాలి మొలిచిన మొక్కలన్నీ కలిసి నిరుటి పూత కాలంలో ఆ తుమ్మెదల రాకపోకలకు ఒక నమోదు వంటివి.

పరపరాగం జరిగిన మరుసటి ఏడే రంగు మారుతుందనుకోవడం మాత్రం సరికాదు. పర్పూరియాలో ఊదాకూ గులాబికీ ఉన్న తేడా ఒక్క జన్యువు మీద ఆధారపడి ఉంది. పూరేకులకు రంగునిచ్చే ఆంథోసయనిన్ అనే పదార్థం కణాలలో అంచెలంచెలుగా తయారవుతుంది. ఒక్కో అంచెను ఒక్కో ఎంజైము నడుపుతుంది, ఒక్కో ఎంజైము తయారీకి ఒక్కో జన్యువులో సూచన ఉంటుంది. వాటిలో ఒక ఎంజైము పని చేస్తే ఊదా-నీలం వైపు రంగు తేలుతుంది, అది పని చేయకపోతే తయారీ పక్కదారి పట్టి గులాబి రంగు మిగులుతుంది. మొక్కలో ప్రతి జన్యువుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు ఉంటాయి. ఒక ప్రతి చెడినా రెండోది సరిపడా ఎంజైమును తయారు చేయగలదు కనుక, ఊదా తల్లికీ గులాబి తండ్రికీ పుట్టిన తీగ ఊదా రంగే పూస్తుంది. చూపులకు దానికీ శుద్ధ ఊదా తీగకూ భేదం ఉండదు. పైకి తేలే గుణాన్ని బహిర్గతమని, ఇలా మరుగున ఉండిపోయే గుణాన్ని అంతర్గతమని తెలుగు పాఠ్యపుస్తకాలు పిలుస్తాయి. ఆ మిశ్రమ తీగ తన గింజలను తానే కట్టుకున్నప్పుడు, ప్రతి నాలుగింట ఒకదానికి రెండు చెడిన ప్రతులూ వచ్చి చేరతాయి, అప్పుడు గులాబి బయటపడుతుంది. అంటే ఈ ఏడు కనిపించిన గులాబి పూవుకు కారణమైన తుమ్మెద కనీసం రెండు తరాల కిందటిది. రంగు గాఢతను నిర్ణయించే మరో జన్యువు ఇంకో తీరులో నడుస్తుంది: దాని రెండు ప్రతులూ బాగున్న తీగ ముదురు రంగు, ఒకటే బాగున్నది లేత రంగు, రెండూ చెడినది తెలుపు పూస్తాయి, ఆ తెల్లపూవులో కూడా నడిమి ఈనెల వెంట రంగు చారలు మిగిలే ఉంటాయి. కాబట్టి పెరట్లో లేత వంగపండు రంగు తీగ కనిపించిందంటే, దాని సంతానంలో ముదురూ, లేతా, తెలుపూ మూడూ రానున్నాయని ముందే చెప్పవచ్చు.

ఈ తీగకు విజ్ఞానశాస్త్రంలో పాత చుట్టరికం ఉంది. చార్లెస్ డార్విన్ 1876లో ప్రచురించిన స్వపరాగ, పరపరాగ ఫలితాల గ్రంథంలో మొట్టమొదట వివరించిన మొక్క పర్పూరియానే. ఆయన పది తరాల పాటు ఒక వంశాన్ని సొంత పుప్పొడితోనూ మరొక వంశాన్ని పరపుప్పొడితోనూ సాగించి, రెండింటి మొలకలను ఒకే కుండీలో ఎదురెదురు వైపుల నాటి, ఎత్తులు కొలుస్తూ పోయాడు. పరపరాగంతో పుట్టినవి సగటున 100 వంతుల ఎత్తు పెరిగితే సొంత పుప్పొడితో పుట్టినవి 77 వంతులే పెరిగాయని తేల్చాడు. ఆరవ తరంలో ఆ లెక్కకు ఎదురుతిరిగి ప్రత్యర్థి కంటె ఎత్తు పెరిగిన ఒక స్వపరాగ మొక్కకు 'హీరో' అని పేరు కూడా పెట్టాడు. ఎత్తుల లెక్కే లోకంలో ఎక్కువగా ప్రచారమైంది గాని, అదే అధ్యాయంలో రంగుల గురించి ఉన్న పరిశీలన కూడా అంతే విలువైనది. మొదట్లో కొని తెచ్చిన గింజల నుంచి వచ్చిన తీగలు రకరకాల రంగులు పూయగా, సొంత పుప్పొడితో సాగిన వంశంలో తరాలు గడిచేకొద్దీ రంగు స్థిరపడి, చివరికి అన్నీ ఒకే ముదురు ఊదా పూయసాగాయి; వాటికి పేరుచీటీలు కట్టనక్కర లేదని తోటమాలి అనేంతగా అవి ఒకదానినొకటి పోలి ఉన్నాయని డార్విన్ రాశాడు. మెండెల్ 1866లో అచ్చు వేయించిన బఠానీ ప్రయోగాల సంగతి ఆయన దృష్టికి రాలేదు కనుక ఆ స్థిరత్వానికి లెక్క ఆయన చేతికి అందలేదు. ఈనాటి పాఠకుడికి అది తేలికగా అర్థమవుతుంది. ప్రతి స్వపరాగ తరంలోనూ మిశ్రమ మొక్కల వాటా సగానికి పడిపోతూ ఉంటుంది, పది తరాల తర్వాత మరుగున ఉన్నది దాదాపు ఏమీ మిగలదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక కుటుంబం బవేరియా నుంచి వెంట తెచ్చుకుని తరతరాలుగా కాపాడుకున్న పర్పూరియా రకం ఒకటి ఉంది. గొంతులో ఎర్రని చుక్క గుర్తు ఉన్న ఆ ముదురు ఊదా పూవు 'గ్రాండ్‌పా ఓట్స్' పేరుతో ఈనాడు ప్రపంచమంతటా పెరుగుతోంది. 1975లో ఏర్పడిన సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే విత్తన సంరక్షణ సంస్థ పుట్టుకకు ప్రేరణ అయిన విత్తనాలలో అది ఒకటి. తనంతట తాను రాలి మొలిచే తీగగానే దానికి పేరు. అయినా అది ఊదాగానే ఉంటూ వచ్చింది. వేరే రంగులు దరిదాపుల్లో లేని చోట ఒంటరిగా పెరిగిన తీగకు మరుగు సంపద సమకూరే దారి ఉండదు, తప్పి ఒకటి వేరుగా పూసినా చూసినవారు పీకివేస్తారు. వరి విత్తన క్షేత్రాలలో తెలుగు రైతులు చేసే పని సరిగ్గా ఇదే. ఈనిక దశలో పొలమంతా తిరిగి ఎత్తులోనో, గింజ రంగులోనో, కంకి తీరులోనో తేడాగా ఉన్న కేళీలను, అంటే బెరకు మొక్కలను ఏరివేస్తే తప్ప ఆ పంట విత్తనంగా పనికిరాదు. సన్నబియ్యం సన్నబియ్యంగా ఉండడం వెనుక ప్రతి ఏడూ ఆ నడక ఉంది. పెరటి కంచె మీది తీగను ఎవరూ అలా ఏరరు గనుక, మరుగున ఉన్నవన్నీ అక్కడ స్వేచ్ఛగా బయటికి వస్తాయి.

బెరకు మొక్కను ఏరివేయడానికి బదులు దానినే ఆరాధించిన సమాజం ఒకటి చరిత్రలో ఉంది. నిల్ జాతి జపానుకు చేరింది మందుగానే. నారా యుగంలో, క్రీ.శ. 8వ శతాబ్దం ప్రాంతంలో, చైనా నుంచి దాని గింజలు విరేచనౌషధంగా వచ్చాయి. చాలా కాలం తర్వాత, ఎదో నగరంలో, అంటే ఈనాటి టోక్యోలో, అది పూలతీగగా మారి జనాన్ని ఆకట్టుకుంది. 1806లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత షితయా ప్రాంతంలో ఖాళీ పడిన స్థలాల్లో తోటమాలులు ఈ తీగను విస్తారంగా పెంచారని చెబుతారు. జీతం చాలని చిన్న హోదా సమురాయీలు కూడా ఇంటి ఆవరణలో దీనిని పెంచి అమ్ముకునేవారు. 1804-1830 మధ్య కాలంలో ఒకసారి, 1848-1860 మధ్య మరోసారి ఈ మోజు తారస్థాయికి చేరింది. వారు కోరుకున్నది ఏపుగా పెరిగిన నీలిపూవును కాదు. రేకులు సన్నటి పాయలుగా చీలి వేలాడేవి, అంచులు గొట్టాలుగా చుట్టుకుపోయి చివర విచ్చుకునేవి, కేసరాలూ కీలమూ కూడా రేకులుగా మారి లోపల పొరలు పొరలుగా పూసేవి, ఆకు విల్లో ఆకులా సూదిగా సాగినవి, చూసినవారు మార్నింగ్ గ్లోరీ అని నమ్మలేని రూపాలన్నీ వారికి ప్రీతిపాత్రం. వీటిని హెన్కా అసగావో, అంటే మారిన అసగావో అన్నారు. 1854లో వచ్చిన 'అసగావో సంజూరొక్కాసెన్' అనే చిత్రగ్రంథం అలాంటి 36 రూపాలను రంగుల్లో ముద్రించింది.

ఈ వైపరీత్యాలలో అత్యంత మనోహరమైన వాటికి ఒక పెద్ద లోపం ఉంది: అవి విత్తనం కట్టవు. కేసరాలు రేకులైపోయిన పూవులో పుప్పొడి ఉండదు, కీలం రేకైపోతే గింజ కట్టే చోటే ఉండదు. అంత అందమైన పూవు ఆ ఏటితో అంతమైపోవాలి. ఎదో పెంపకందార్లు ఈ చిక్కును దాటిన తీరు ఈ వ్యాసం చెప్పదలచిన విషయానికి గుండెకాయ. వారు విపరీతమైన పూవును 'దెమోనో' అన్నారు, అంటే బయటికి వచ్చినది; దాని పక్కనే అదే కాయ గింజల నుంచి మొలిచి, మామూలు ఆకుతో మామూలు పూవు పూసిన సోదర మొక్కను 'ఒయాగి' అన్నారు, అంటే తల్లి మొక్క. విత్తనం దాచుకున్నది ఆ మామూలు మొక్క నుంచే. దాని పూవుకు మార్కెట్లో విలువ లేదు, ఎవరూ బొమ్మ గీయరు, కాని మరుసటి ఏడు దాని గింజలలోంచే మళ్లీ దెమోనో వస్తుంది. మామూలుగా కనిపించే సోదరులలో మూడింట రెండు ఆ గుణాన్ని మరుగున మోస్తాయి, ఒకటి మోయదు. ఏది మోస్తోందో కంటికి తెలియదు కనుక, ప్రతి మొక్క గింజలనూ విడివిడిగా దాచి, విడివిడిగా విత్తి చూసుకోవాలి. ఒకే గుణం కావాలంటే నాలుగు మొలకల్లో ఒకటి వస్తుంది, రెండు గుణాలు ఒకే పూవులో కలవాలంటే పదహారింట ఒకటి, మూడు కలవాలంటే అరవై నాలుగింట ఒకటి. అందుకని వందల గింజలు విత్తి, బీజదళాలు విచ్చిన దశలోనే వాటి ఆకారం చూసి, ఏ మొలక దెమోనో అవుతుందో, ఏది ఒయాగిగా ఉంచదగినదో వేరు చేసేవారు.

మెండెల్ లెక్కలు అచ్చులోకి రావడానికి ముందే, జన్యువు అన్న భావన పుట్టడానికి చాలా ముందే, ఎక్కడో ఎదో నగరపు ఇరుకు పెరళ్లలో కొందరు ఈ నిష్పత్తులను చేతి అలవాటుగా ఆచరించారు. వారు సిద్ధాంతం రాయలేదు, బహుశా వారికి దాని అవసరం తోచలేదు. అయినా అందమైన పూవుకు మూలం ఆ పూవులో లేదని, దాని పక్కన నిలబడిన సాదా మొక్కలో ఉందని గ్రహించడం చిన్న విషయం కాదు. విత్తనం దాచే చెయ్యి సహజంగా బాగున్న పూవు వైపే పోతుంది, ఆ చేతిని ఆపి మామూలు దాని వైపు తిప్పడానికి ఎన్నో ఏళ్ల నిరాశ, ఎంతో శ్రద్ధ అవసరమై ఉంటాయి. ఆ వంశాలలో కొన్ని ఈనాటికీ నిలిచి ఉన్నాయి. క్యూషూ విశ్వవిద్యాలయం వాటిని విత్తన భాండారంగా కాపాడుతోంది, అక్కడా పద్ధతి అదే, సాదా మొక్కల గింజే వంశాన్ని నిలుపుతుంది. టోక్యోలోని ఇరియాలో ఏటా జూలై 6 నుంచి 8 వరకు అసగావో సంత జరుగుతుంది. అక్కడ కుండీల్లో ఎక్కువగా కనిపించేవి మాత్రం గుండ్రని పెద్ద పూలే.

ఇంతవరకు చెప్పిన మరుగు గుణాల లెక్కకు లొంగనిది ఒకటి ఉంది, అది ఒకే పూవులో రెండు రంగులు కనబడడం. తెల్ల పూవు మీద ఊదా చుక్కలు, ఒక పక్క చార, ఒక్కోసారి సరిగ్గా సగం తెలుపు సగం రంగు. ఒకే గింజ నుంచి వచ్చిన మొక్కలో అన్ని కణాలకూ జన్యువులు ఒకటే అయినప్పుడు ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్న జపాను శాస్త్రవేత్తలను చాలా కాలం పట్టి ఉంచింది. ఇమాయ్ యోషితకా 1920, 1930 దశకాలలో ఈ చారల వారసత్వాన్ని ఓపికగా పరిశీలించాడు. సమాధానానికి దారి చూపింది మొక్కజొన్న. గింజల మీద చుక్కలను పరిశీలిస్తూ, క్రోమోజోములలో ఒక చోటి నుంచి మరో చోటికి కదిలే భాగాలు ఉంటాయని బార్బరా మెక్‌క్లింటాక్ 1940 దశకంలో గుర్తించింది, 1983లో నోబెల్ బహుమతి పొందింది. ఈ కదిలే జన్యుభాగాలనే ట్రాన్స్‌పోజాన్లు అంటారు. అలాంటిది ఒకటి రంగు జన్యువు మధ్యలో వచ్చి దిగబడితే ఆ జన్యువు మూగబోయి పూవు తెల్లబడుతుంది. పూరేకు పెరిగే క్రమంలో ఏదో ఒక కణంలో అది మళ్లీ లేచిపోతే జన్యువు కోలుకుని, ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నిటికీ రంగు తిరిగి వస్తుంది. ఒకాజాకిలోని జాతీయ మౌలిక జీవశాస్త్ర సంస్థ పరిశోధకులు 1994లో నిల్ తీగలో రంగు తయారీకి సంబంధించిన ఒక జన్యువులో సుమారు 6,400 అక్షరాల పొడవున్న అలాంటి భాగాన్ని పట్టుకుని 'టీపీఎన్1' అని పేరు పెట్టారు. 2016లో నిల్ జన్యుపటం మొత్తం వెలువడినప్పుడు ఆ కుటుంబానికి చెందిన భాగాలు వందల సంఖ్యలో బయటపడ్డాయి. ఎదో కాలపు వైపరీత్యాలలో పెద్ద భాగానికి మూలం అవే. మెండెల్ బఠానీలలో గింజ ముడత పడడానికి కారణం కూడా ఒక జన్యువులో వచ్చి దిగబడిన ఇలాంటి భాగమేనని 1990లో తేలడం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది.

చారల పూవును దగ్గరగా చూస్తే ఆ కదలిక ఎప్పుడు జరిగిందో కూడా చదవవచ్చు. గొట్టం అడుగు నుంచి మొదలై అంచు దాకా వెడల్పవుతూ పోయిన పట్టె, మొగ్గ ఇంకా అతి చిన్నదిగా ఉన్నప్పుడే, కణాలు కొన్నే ఉన్న దశలో, ఆ భాగం లేచిపోయిందని చెబుతుంది. అంచు దగ్గర గసగసాలంత చుక్క అయితే అది రేకు దాదాపు పూర్తయ్యాక జరిగిన సంగతి. ఒక కొమ్మ మొత్తం నిండు రంగు పూస్తే మార్పు కొమ్మ చిగురు దశకు చెందినది. అయితే ఆ కొమ్మ గింజలు విత్తితే నిండు రంగు తీగలే వస్తాయని భరోసా లేదు. రేకుల రంగు ముఖ్యంగా పై పొర కణాలలో ఉంటుంది, పుప్పొడీ అండకణాలూ పుట్టేది దాని కింది పొర నుంచి. పై పొరలో మాత్రమే మార్పు జరిగితే పూవు నిండుగా ఉన్నా సంతానం చారలదే అవుతుంది, కింది పొరలో జరిగితే చారల పూవుకు నిండు రంగు పిల్లలు పుడతాయి. పెరట్లో ముచ్చటైన పూవు కట్టిన కాయకు దారం కట్టి గింజలు దాచినవారు మరుసటి ఏడు నిరుత్సాహపడడానికి చాలాసార్లు కారణం ఇదే.

వారసత్వంతో సంబంధం లేని మార్పులను కూడా వేరు చేసి చూడాలి. ట్రైకలర్ మొగ్గ ఎర్రటి ఊదా రంగులో ఉండి, విచ్చుకున్నాక నిర్మలమైన నీలంగా మారుతుంది. రంగు పదార్థం రెండు దశల్లోనూ ఒకటే, మారేది కణం లోపల ఆ పదార్థం కరిగి ఉన్న ద్రవపు ఆమ్లత్వం. జపాను రసాయన శాస్త్రవేత్తలు 1995లో ఆ ద్రవపు పీహెచ్ విలువ మొగ్గలో 6.6 నుంచి పూవులో 7.7కు పెరుగుతుందని కొలిచి చూపారు. నిల్ తీగలో ఈ మార్పును నడిపే జన్యువు 2000లో దొరికింది, అది చెడితే పూవు నీలం కాలేక ఊదా దగ్గరే ఆగిపోతుంది. వాడిపోయేటప్పుడు నీలిపూవు గులాబి వైపు తిరగడం, ఎండలు మండేటప్పుడు వెలిసినట్టు పూయడం, చలి మొదలయ్యాక రంగు ముదిరి పూవు చిన్నబోవడం ఇవన్నీ ఆ పూటకూ ఆ ఋతువుకూ చెందినవి, వీటిలో ఏదీ గింజలోకి పోదు. ఒక తీగను వేరే రకమని నిర్ధారించే ముందు దానిని తెల్లవారుజామున, విచ్చుకున్న వెంటనే, పలు రోజుల పాటు చూడాలి.

ఏ తీగ అయినా ఏ రంగైనా పూయగలదనుకుంటే అది కూడా పొరపాటే. తెలుగు లోగిళ్లలో ఏటా వానలకు తనంతట తాను మొలిచే కాశీరత్నం ఎరుపుతో పాటు అప్పుడప్పుడు తెలుపు, గులాబి పూస్తుంది గాని నీలం పూయదు. ఉష్ణ అమెరికా నుంచి వచ్చిన ఈ తీగ నీలివర్ణపు పూర్వజాతుల నుంచి పరిణమించినదే. అయితే ఎరుపుకు మారే దారిలో నీలానికి కావలసిన అంచెను నడిపే జన్యువు మందగించింది, ఆ తర్వాతి అంచె ఎంజైము కూడా ఎర్ర రంగు ముడిపదార్థాన్ని తప్ప మరొకదానిని స్వీకరించలేని స్థితికి చేరింది. ఒకటి కోలుకున్నా రెండోది అడ్డుపడుతుంది. 2004లో వెలువడిన పరిశోధన ఈ సంగతిని వివరంగా చూపింది. పెరటి ఆశ్చర్యాలకు ఒక హద్దు ఉంది, ఆ హద్దు జాతి గతంలో ఎప్పుడో పడింది.

మనిషి ఏరకుండా వదిలేసిన తీగలు చివరికి ఏమవుతాయన్నదానికి అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల మొక్కజొన్న, సోయా పొలాలు సమాధానం చెబుతాయి. అక్కడ కలుపుగా పెరిగే పర్పూరియా తీగలలో ఊదా, గులాబి, ముదురు, లేత, తెలుపు, చారల పూలు పక్కపక్కనే ఉంటాయి. మైకేల్ క్లెగ్, మేరీ డర్బిన్ తదితరులు ఏళ్ల తరబడి అనుసరించిన పరిశీలనలో ఒక వింత తేలింది. తెల్లపూలు అరుదుగా ఉన్న చోట తుమ్మెదలు వాటిని దాటి పోతాయి. అలా దాటి పోవడం వల్ల తెల్ల తీగ ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది, ఆ గింజలో రెండు ప్రతులూ తెలుపువే అవుతాయి. నిర్లక్ష్యానికి గురైన పూవుకు ఆ నిర్లక్ష్యమే వంశాన్ని నిలిపే ఉపాయమైంది. రంగు పదార్థాల మొదటి అంచె వద్దే జన్యువు చెడిన పూర్తి తెలుపు తీగల కథ మాత్రం వేరు: తీవ్రమైన వేడిలో వాటికి గింజ కట్టే సామర్థ్యం తగ్గుతుంది. ఆ మొదటి అంచె నుంచి రంగుతో పాటు కణాలను వేడి నుంచి కాచే పదార్థాలు కూడా తయారవుతాయి కనుక, రంగు పోయినప్పుడు రక్షణ కూడా పోతుంది. తెలుగు నాట ఎండలకు పెరిగే తీగల విషయంలో ఈ సంగతి ఆలోచించదగినది.

రాలి మొలిచిన తీగల రంగులను పెంచేవారు నిజంగా నిర్ణయించే సమయం ఏడాదిలో ఒకటే, అది మొలకలు గుంపుగా లేచినప్పుడు కొన్నింటిని ఉంచి మిగిలినవి పీకివేసే రోజు. సాధారణంగా బలంగా, ముదురుగా ఉన్నవాటిని ఉంచి, పాలిపోయినట్టు కనిపించే వాటిని తీసివేస్తారు. చాలా వంశాలలో రంగు పూలు పూసే మొలక కాడ ఎర్రజీరతో ఉంటుంది, కొన్ని తెల్లపూల వంశాలలో కాడ నికరమైన పచ్చగా ఉంటుంది. అలాంటి చోట ఏపుగా ఎరుపెక్కిన వాటినే ఉంచిన చెయ్యి తనకు తెలియకుండా తెల్లపూలను ఏరివేస్తుంది. తెలుపు కావాలనుకునేవారు పచ్చకాడ మొలకలను రెండు మూడు విడిగా నాటాలి. చారలు కావాలనుకునేవారు, మరుగున ఏముందో చూడాలనుకునేవారు, అందంగా పూసిన తీగతో పాటు దాని పక్కన సాదాగా పూసిన రెండు తీగల కాయలను కూడా, ఒక్కో తీగవి ఒక్కో పొట్లంలో, ఎండి గోధుమరంగు తిరిగాక, పగలకముందే కోసి ఉంచుకోవాలి.